పొగ వేడి చూపే ముల్లు

మావయ్యగారికి,

మీరు పోయి ఈ రోజుకి ఏడాది. మీ చేతులతో ఆఖరున కట్టిన ఎర్ర కారు ఇంజనుకి మీ అబ్బాయి టర్బో బిగించారు. అది తట్టుకుంటుందో లేదో కొండ ఎక్కితేనే తెలుస్తుందని పొద్దున్నే ద్వారకా తిరుమల బయలుదేరదీశారు. పొగ వేడి మీటరు చూడడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆ మీటరు సంగతి నాకు చెప్పింది మీరే. ఇంజను నీళ్ల వేడి చూపే మీటరు కూర మాడాక వచ్చే వాసన లాంటిదనీ, ఇంజను నుంచి బయటికొచ్చే పొగ వేడి మాడకముందే చెబుతుందనీ అన్నారు. ఏడొందల యాభై డిగ్రీలు దాటితే పిస్టన్లు కరుగుతాయన్నారు. నేను సిగ్గుపడి తల మాత్రం ఊపాను.

కొండ ఎక్కుతుంటే ముల్లు ఏడొందలు దాటింది. "ఏవండీ" అన్నాను. మోతలో ఆయనకు వినపడలేదు. మళ్లీ అన్నాను. ముల్లు ఏడొందల నలభైకి వచ్చేసింది.

"శీనూ, కాలు తియ్యి" అని అరిచాను.

ఆయన యాక్సిలరేటర్ వదిలేశారు. ముల్లు దిగింది. కారు పక్కకు ఆపి నా వంక చూశారు.

"ఇప్పుడు నన్నేమని పిలిచావు?"

"ఇంజను పోతుందండి మరి."

ఆయన స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వుతూనే ఉన్నారు. ఇంజనుకి అందే డీజిల్ కొంచెం తగ్గించి మళ్లీ ఎక్కాం. ముల్లు ఏడొందలు దాటలేదు. మీ ఇంజను బాగుంది మావయ్యగారూ.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి అంతా చెప్పేశారు. కసురుతారనుకున్నాను.

"నాకూ ఒక్కసారి ఆయన్ని పేరెట్టి పిలవాలని ఉండేదమ్మాయ్" అన్నారు.

తర్వాత కారు దగ్గరికి వెళ్లి, వేడి బానెట్ మీద చెయ్యేసి, భోజనానికి పిలిచినట్టు మెల్లగా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచారు.

మీ కోడలు