ముందు సీటులో యాభై కిలోలు

మల్కాజ్‌గిరి

చి. ఝాన్సీకి, ఇద్దరం బాగానే ఉన్నాం. ఫోనులో అయితే మీ నాన్నగారు వింటారని కార్డు రాస్తున్నాను.

షెడ్డులో ఆయన చెక్క విమానం పూర్తయింది. నిన్న చక్రాల కింద కాటాలు పెట్టి తూస్తే లెక్కకన్నా యాభై కిలోలు ఎక్కువొచ్చింది. వడ్రంగి నబీ, "అమ్మా, ముందు సీట్ల ఎవరో కూసున్నట్టుంది, జెర చూడుండ్రి" అన్నాడు. చూస్తే ఖాళీ సీటే. అయినా "దిగు" అని కసిరాను. వెంటనే తూకం సరిపోయింది.

మీ నాన్నగారు సంబరపడ్డారు. నా మాట ఒక్కసారికే విన్నవాళ్లు ఈ ఇంట్లో లేరు గనక నాకు భయమేసింది. చెప్పగానే దిగారు సరే, పిలవకుండా ఎక్కారు కదా!

చింతకాయ పచ్చడి ఉందా, అయిపోయిందా? దసరాకు మనవరాలిని ఆ సీటులోనే కూర్చోబెట్టి ఎగరేస్తారట. పంపకు. దానికి కళ్లు తిరుగుతాయని ఆయనతో చెప్పేశాను. అడిగితే నువ్వూ అదే చెప్పు.

దానికి నా ముద్దులు.
అమ్మ