మరచిన ఏడో గోల్

నాటింగ్‌హామ్,
సోమవారం

ప్రియమైన తాతయ్యా,
తెలుగులో చేత్తో రాసి ఫోటో పంపితేనే చదువుతానన్నారు కదా, అందుకే ఈ పాట్లు. నిన్న ఓడిపోయాం. గోల్‌లో నిలబడింది నేనే. ఏడు వదిలేశాను.

బ్రిటన్ అండర్ ఎయిటీన్ అమ్మాయిల ఐస్ హాకీ రికార్డు మీ నోటుబుక్‌లో ఉందిగా: మూడో స్థానం, నాలుగు, ఐదు, మళ్లీ ఐదు. ఉన్నవే ఆరు జట్లు. ఆఖరున నిలిస్తే కింది డివిజన్‌కి దించేస్తారు. నా వల్లే మీరు 'ఆరు' అని రాయాల్సొస్తుందేమో! శనివారం ఆఖరి మ్యాచ్‌కి నన్ను తీసేసి మా రెండో గోల్‌కీపర్ మేగన్‌ని నిలబెడతారనిపిస్తోంది.

నానమ్మ సున్నుండలు టీమ్ మొత్తం తినేసింది. వాళ్లకవి 'ప్రోటీన్ బాల్స్'!
మీ వర్షిత

స్టాన్‌మోర్,
మంగళవారం

ముద్దుల మనుమరాలు చిరంజీవి వర్షితకు తాతయ్య ఆశీస్సులు.
నీ ఆటను నేను మొదటినుండి అష్టావధానంగానే చూస్తున్నాను. నన్ను వేదికపై కూర్చుండబెట్టి ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపులనుండి ప్రశ్నలు విసిరేవారు. నీపై విసిరేది గట్టి రబ్బరు బిళ్ల. నా దంతాలకు ఆ భయం ఉండేది కాదు.

అయితే ధారణ చేయనిదే అవధానం ముగియదు. చెప్పిన పద్యాలన్నిటినీ కాగితం చూడకుండా వరుసగా అప్పగించాలి. నీవును ఆ ఏడు గోల్స్ ఎటునుండి ఎట్లు వచ్చినవో, వీడియో చూడక వ్రాసి పంపుము.
శుభాకాంక్షి, గోవిందరాజులు

నాటింగ్‌హామ్,
బుధవారం

ప్రియమైన తాతయ్యా,
ఇవాళ మేగన్ ఆడింది, అయినా ఓడాం. ఇదిగో ధారణ.

ఒకటి: ఎడమ భుజం మీదుగా. రెండు: నా కాళ్ల మధ్యనుంచి (నవ్వకండి). మూడు, నాలుగు: ముందు గుంపు, బిళ్లే కనబడలేదు. ఐదు: మా జట్టు అమ్మాయి స్కేట్‌కి తగిలి. ఆరు: కుడి మూలకి, అది దేవుడు కూడా ఆపలేడు. ఏడు...

ఏడోది గుర్తు రావట్లేదు తాతయ్యా! వీడియో చూడనా?
వర్షిత

స్టాన్‌మోర్,
గురువారం

చిరంజీవి వర్షితకు,
చూడవద్దు. నా తొలి అవధానంలో మూడు పద్యాలు అప్పగించి నాలుగవదాని వద్ద నోరు తెరచుకొని నిలిచిపోయాను. అది చెప్పినప్పుడు నా మనస్సు ముందు వరుసలోని ఖాళీ కుర్చీలను లెక్కించుచుండెనని మరునాటికి గాని తెలియలేదు. ఆ ఏడవ గోల్ వేళ నీ మనస్సెక్కడ ఉన్నది?

"పద్యాలు చాలించి, పిల్ల వేళకు తింటోందో లేదో అడగండి" అని మీ నానమ్మ ఆజ్ఞ. అడిగితిని.
తాతయ్య

నాటింగ్‌హామ్,
శనివారం

ప్రియమైన తాతయ్యా,
తింటున్నాను. గుర్తొచ్చింది కూడా! అప్పుడు స్కోర్‌బోర్డు చూస్తున్నాను. ఆరు–సున్నా అని ఎర్రగా వెలుగుతోంది. ఇంకా ఎన్ని నిమిషాలు నిలబడాలా అని లెక్కపెడుతున్నాను.

నిన్న కోచ్‌కి మన ఉత్తరాలు చూపించి, అర్థం చెప్పి, ఆ సంగతి ఒప్పేసుకున్నాను. ఆవిడ, "ఈ మాట నాతో ఏ గోల్‌కీపరూ చెప్పలేదు. రేపు నువ్వే ఆడు" అంది.

ఇవాళ ఒక్కసారి కూడా తలెత్తి బోర్డు చూడలేదు. ఆట ముగిసినట్టు హూటర్ మోగగానే అందరూ నా మీద పడ్డారు. ఓదారుస్తున్నారనుకుని మేగన్‌ని అడిగాను, "ఎంత తేడాతో ఓడాం?"

"రెండు–ఒకటి, మొద్దూ! గెలిచింది మనమే!"

నోటుబుక్ తీయండి తాతయ్యా. 'ఐదు' అని రాయండి. నామీదికి ఇరవై తొమ్మిది షాట్లు వచ్చాయి, లోపలికి పోయినదాంతో సహా అన్నీ గుర్తున్నాయి. రేపు స్టాన్‌మోర్ వచ్చి వరుసగా అప్పగిస్తాను. మధ్యలో నిద్రపోకూడదు.
మీ అవధాని, వర్షిత