రెండు చేతుల దండం

జహీరాబాద్, 12-8-63

అమ్మా, ఆఫీసు మోటారుసైకిల్ మీద నుంచి పడ్డాను. ఫికర్ చేయకు, ఎముకలన్నీ ఉన్నాయి.

మొగుడంపల్లి దారిలో నీ వియ్యంకుడు చెన్నబసప్పగారు ఎదురొచ్చారు. పెద్దలకు ఒంటి చేత్తో దండం పెట్టొద్దని నేర్పింది నువ్వే కదా! హ్యాండిల్ వదిలి రెండు చేతులూ జోడించాను. "నూరేండ్లు సల్లగ బతుకు అల్లుడా!" అని ఆయన దీవెన పూర్తయ్యేసరికి నేను అల్లం చేలో ఉన్నాను. "బండి ఇడిసిండు గని మర్యాద ఇడువలే" అని ఆయన ఊరంతా మెచ్చుకుంటున్నారట.

తలను కాపాడింది నువ్వు చుట్టుకొమ్మన్న రుమాలే. అది చిరిగింది, ఇంకొకటి పంపు. ఎర్రావు ఈనిందా?

పెద్దలందరికీ ఈ కార్డులోనే రెండు చేతుల దండాలు. బండి మీద కనబడితే మాత్రం తల ఊపుతాను, పొగరనుకోవద్దని చెప్పు.

నీ కొడుకు సంగప్ప