జిర్గల్ చెప్పని ఏడు తరాలు

చెల్లీ నూర్జమల్, అల్లా దయవల్ల ఇక్కడ అందరం క్షేమం.

కార్ఖానా మూతపడ్డాక ఏళ్లుగా ఖాళీగా ఉన్న నీ అన్న జిర్గల్‌ను ఉపాధి కేంద్రంవారు పార్కు పనికి ఇంటర్వ్యూకు పిలిచారు. వాడు మన అలవాటు కొద్దీ ఇంటర్వ్యూ చేసే అమ్మాయిని ఏడు తరాల తాతల పేర్లూ అడిగి, మన వంశంతో కలవగానే "అయితే నువ్వు నా కూతురివేనే తల్లీ!" అని దీవించాడట.

"చుట్టాలకు నేను పని ఇవ్వకూడదు బాబాయ్," అని ఆ పిల్ల పెద్ద అధికారి దగ్గరికి పంపింది.

ఆయన మొదటి మాటే, "మీ ఏడు తరాలు చెప్పవయ్యా."

"మా నాన్న పేరు కూడా తెలీదండీ," అన్నాడట మనవాడు.

పాపం, దిక్కులేనివాడని ఆయన వెంటనే పని ఇచ్చాడు. నాన్న పేరే తెలీదన్నందుకు వాణ్ణి క్షమించమని నమాజులో వేడుకున్నాను.

నీ మోకాలు ఎలా ఉంది? వాడికి ఉన్ని మేజోళ్లు పంపు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఇక్కడికి వస్తే మాత్రం పార్కులో వాణ్ణి అన్నా అని పిలవకు.

అక్క బత్మకాన్