నాయనమ్మ మంచం చుట్టూ గీత

శ్రీవల్లీ,

తొలి బస్సుకి వైజాగ్ ఆస్పత్రికి, నాయనమ్మ దగ్గరికి వెళ్తన్నాను. గిన్నెలో ఉప్మా ఉంది, తినేసి కాలేజీకి వెళ్లు.

నీ డ్రమ్స్ సంగతి. పెద్ద సెట్టు మన గదిలో పట్టదు. మడతపెట్టే ఎలక్ట్రానిక్ కిట్ తీసుకో. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా కాలి పెడల్ చప్పుడు కింద వాటావాళ్లకి తెలుస్తుంది, అడుగున రబ్బరు చాప వెయ్యి. ఆ చిన్నదానికైనా నాలుగడుగులు కావాలి. మూడుసార్లు కొలిచేను. నాయనమ్మ మంచం తీస్తే తప్ప చోటు లేదు.

అది నీకూ తెలుసు. అందుకే కదా ఆవిడ పడుకుని ఉండగానే మంచం చుట్టూ సుద్దముక్కతో గీసేవు. నిన్ను తిట్టడం లేదమ్మా, టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. నిద్రపోతోందనుకున్నాం. నిన్న ఆస్పత్రిలో మెల్లగా అంది: "నా సోటు కొలిసేసుకున్నారు కదరా, ఇంక నేనేటికి ఇంటికి?"

చెయ్యడానికేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు అంటన్నాడు. ఆవిడ రానంటోంది.

నాన్న

ఆ గీత రాత్రి రెండుసార్లు తడిగుడ్డతో తుడిచేను. తడిగా ఉన్నంతసేపూ పోయినట్టే ఉంటుంది, గచ్చు ఆరేక మళ్లీ తేలుతోంది. నువ్వొకసారి తుడిచి చూడు.