పచ్చ గీత గీసిన రాయి

టీమ్ లీడర్ సదానందం గారికి,

మడికొండ ఆఫీసులో కిటికీ పక్క సీట్లో కూర్చునే ఉద్యోగిని ఇస్తున్న వివరణ ఇది.

లోతైన సముద్రం అడుగున తీసిన ఫొటోల్లో ప్రాణమున్న చోటు చుట్టూ మేము పచ్చ గీత గీస్తాం. వాటిని చూసి కంప్యూటర్ నేర్చుకుని, కాపాడవలసిన చోట్ల మ్యాపు తయారుచేస్తుంది. గీత లేని చోటు ఖాళీ నేల కింద లెక్క. అక్కడ తవ్వకాలకు అడ్డుండదు.

రాయి చుట్టూ గీత గీశానని నా పనిని తిప్పి పంపారు. తనిఖీ చేసిన సుకన్య, "పోయినేడు ఫొటోల గూడ ఇది గిట్లనే ఉన్నదక్కా. కదుల్తనే లేదు, రాయే" అన్నది. కంప్యూటర్ కూడా రాయే అంది.

అది ఆక్టోపస్. దాని కింద వెల్లుల్లి రెబ్బల్లా తెల్లగా ఉన్నవి గుడ్లు. అంత లోతున తల్లి ఆక్టోపస్ తిండి మాని, ఏళ్ళ తరబడి గుడ్లను కాస్తుంది. వాటిని వదలలేకే కదలలేదు. నిరుటి ఫొటోతో పోలిస్తే ఒళ్ళు పాలిపోయింది. పక్కనున్న రాళ్ళు పాలిపోలేదు.

నేను సముద్రం ఎన్నడూ చూడలేదు. నాకు కాన్పయినప్పుడు మా అత్త గది గుమ్మానికి వేపమండ కట్టింది. వచ్చినవాళ్ళతో, "లోపట బాలింత ఉన్నది, జర బయటనే ఉండుండ్రి" అనేది. తర్వాత తర్వాత ఆమె చెప్పే పని లేకపోయింది. మండను చూసే ఆగిపోయేవారు.

నా రేటింగ్ తగ్గించినా అభ్యంతరం లేదు. అంత లోతున కట్టడానికి నా దగ్గర ఆ పచ్చ గీత ఒక్కటే ఉంది. దాన్ని మాత్రం చెరపకండి.