జీపు ముందు ఒక్కరే

రవీ,

నువ్వు పోయాక యూటా లోయల్లోకి ఇదే మొదటి ట్రిప్. నీ జీపును నీ కూతురు స్వాతి నడిపింది. రాతి దిగుడు దగ్గర నీ ఫ్రెండ్స్‌మి నలుగురం జీపులోంచి దిగి తలో మాటా అరిచాం.

"లెఫ్ట్ కొట్టమ్మా!"

"కాదు, రైట్!"

ముందు చక్రం గాల్లోకి లేచింది. స్వాతి బ్రేక్ తొక్కింది.

"అంకుల్స్, ఎవరో ఒక్కరే చెప్పండి! డాడీ ఉంటే మీరిలా అరిచేవారా?"

ఎదురుగా నిలబడి సైగలు చేసే పని ఎప్పుడూ నీదే. ఈసారి నేను వెళ్లి జీపు ఎదురుగా నిలబడ్డాను. నా చేతులనే చూస్తూ తను మెల్లగా దిగింది.

టెంట్లు వేశాక కూడా కూర్చోలేక జీపు చుట్టూ తిరుగుతున్నాను. రేపటి దారి ఇంకా నిటారుగా ఉంటుంది. స్వాతి నన్ను అడగలేదు, చెప్పింది:

"అంకుల్, పొద్దున ఆరింటికి జీపు ముందు రెడీగా ఉండండి."